చలికాలంలో శంఖుపుష్పం గింజ ఎందుకు మొలవదు? నా 62 ప్యాకెట్ల కథ



పోయిన వారం వీడియోలో నేను నెయిల్ కట్టర్‌తో శంఖుపుష్పం గింజల అంచు కత్తిరించడం చూసి చాలామంది ఒకటే ప్రశ్న అడిగారు. "అన్నా, విత్తనానికి గాయం చేయడం ప్రకృతి వ్యవసాయం ఎట్లా అవుతుంది?" అని. ఇంకొందరు, "బీజామృతంలో ముంచితే సరిపోదా, ఈ కట్టర్ గోల ఎందుకు?" అన్నారు. ఎనిమిది నిమిషాల వీడియోలో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నా. కొంచెం పొడుగ్గానే ఉంటుంది. ఎందుకంటే ముందు నా తప్పు చెప్పుకోవాలి.

రెండేళ్ల కిందటి డిసెంబరు. మూసాపేటలో మా మిద్దెతోటలో, శంకర్‌పల్లి వైపు కౌలుకు తీసుకున్న చేను కంచె మీద శంఖుపుష్పం బాగా కాసింది. పూలు ఎండబెట్టి కొండాపూర్, గచ్చిబౌలి, మాదాపూర్ అపార్ట్‌మెంట్లకు నీలం టీ కోసం ఇస్తుంటాను. పూలు కొనేవాళ్లే "మొక్క కూడా పెంచుకుంటాం, గింజలు ఇవ్వండి" అని అడుగుతుంటే, సంక్రాంతికి ముందు ప్యాకెట్లు కట్టి పెట్టాను. ఒక్కో ప్యాకెట్లో పది గింజలు. మొత్తం 62 ప్యాకెట్లు పోయాయి.

నేను వ్యవసాయ డిప్లొమా చదివినవాణ్ణి. విత్తనం నిల్వ ఉండాలంటే తేమ బాగా తగ్గాలని మాకు నూరిపోశారు. అందుకే కాయలు చెట్టుమీదే పూర్తిగా ఎండేదాకా ఉంచి, గింజలు తీసి నీడలో వారం ఆరబెట్టి, గాలి చొరబడని డబ్బాలో బూడిద మూట వేసి దాచాను. గింజలు గలగలలాడుతూ రాళ్లలా ఉన్నాయి. ఇంత మంచి విత్తనం ఎవరిస్తారని లోపల గర్వం కూడా ఉండేది.

జనవరి మొదటి వారానికి మెసేజ్‌లు మొదలయ్యాయి. "బ్రో, ఒక్కటి కూడా రాలేదు." "పదిలో ఒకటి వచ్చింది, అది కూడా వాలిపోయింది." ఒక మేడమ్ అయితే అపార్ట్‌మెంట్ గ్రూపులోనే రాశారు, "డూప్లికేట్ సీడ్స్, డబ్బులు వేస్ట్" అని. ఆ మాట నాకు ఎంత గుచ్చుకుందో విత్తనం అమ్మినవాళ్లకు తెలుస్తుంది. నకిలీ విత్తనాలతో ఎన్ని కుటుంబాలు మునిగాయో మన తెలంగాణ రైతుకు వేరే చెప్పాలా? ఆ ముద్ర నామీద పడిందంటే పూలే కాదు, నా బియ్యం, నా నూనె కూడా ఎవరూ కొనరు. అడిగినవాళ్లకే కాదు, అడగనివాళ్లకు కూడా డబ్బులు వాపసు ఇచ్చేశాను. ఇచ్చాక కూడా మనసు కుదుటపడలేదు. తప్పు ఎక్కడ జరిగిందో తెలియాలి కదా.

రూటర్ మీద మొలిచిన గింజలు

62 ప్యాకెట్లలో ఒక్కరికి మాత్రం పదిలో ఎనిమిది మొలిచాయి. కొండాపూర్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ అబ్బాయి. ఏం చేశావని ఫోన్ చేసి అడిగితే నవ్వాడు. గింజలు మరీ గట్టిగా ఉన్నాయని అనుమానం వచ్చి, లోపల అసలు పప్పు ఉందో లేదో చూద్దామని గోళ్ల కట్టర్‌తో ఒక్కో గింజ అంచు నొక్కాడట. అన్నిట్లోనూ పప్పు కనిపించింది. తర్వాత టీ కప్పుల్లో కొబ్బరిపీచు పొడి నింపి వాటిల్లో వేశాడు. బాల్కనీలో పావురాల గొడవ అని ఆ కప్పులను హాల్లో వైఫై రూటర్ పక్కన పెట్టాడు. రాత్రీ పగలూ అది వెచ్చగా ఉంటుంది కదా. ఆరో రోజుకే మొలకలు.

అతనికి తెలియకుండానే రెండు పనులు చేశాడు. గింజకు నీళ్లు పోయే దారి చేశాడు. ఆ నీళ్లు తాగిన గింజకు వెచ్చటి చోటు ఇచ్చాడు. ఈ రెండూ కలిస్తేనే పని. ఒకటి చేసి రెండోది వదిలేస్తే, అసలేమీ చేయకపోవడం కంటే ఎక్కువ నష్టం. ఈ ముక్క నాకు తర్వాత తెలిసింది.

ఆ గట్టిదనం ఎందుకు?

శంఖుపుష్పం పప్పుజాతి మొక్క. దింటెన అని కూడా అంటాం. శాస్త్రీయ నామం క్లైటోరియా టెర్నేషియా. 1753లో లిన్నేయస్ పెట్టిన ఈ పేరులోని టెర్నేట్ ఇప్పటి ఇండోనేషియాలో ఒక దీవి. ఎండ, వాన రెండూ దండిగా ఉండే ప్రాంతాల తీగ అన్నమాట. అలాంటి చోట ఎండాకాలం మధ్యలో ఒక్క వాన పడగానే అన్ని గింజలూ మొలిస్తే, తర్వాత ఎండకు అన్నీ మాడిపోతాయి. అందుకని మొక్క తన గింజలకు నీళ్లు ఇంకని తొడుగు వేసి పంపుతుంది. కొన్ని ఈ వానకు, కొన్ని వచ్చే వానకు, కొన్ని ఆపై ఏడాదికి మొలుస్తాయి.

పైపొరలో సన్నని కణాలు పక్కపక్కనే నిలువుగా, కర్రల దడి కట్టినట్టు ఉంటాయి. వాటి మీద మైనం లాంటి పూత. గింజ ఒక పక్కన చిన్న మచ్చ కనిపిస్తుంది, కాయలో గింజ అతుక్కున్న చోటు, బొడ్డు అనుకోండి. పప్పుజాతి గట్టి గింజల్లో ఈ బొడ్డు దగ్గరుండే సన్నటి చీలిక తలుపులా పనిచేస్తుంది. బయట గాలి పొడిగా ఉంటే తెరుచుకుని లోపలి తేమను బయటికి వదులుతుంది. బయట తేమ పెరగగానే మూసుకుంటుంది. తేమ పోవడానికి దారి ఉంది, రావడానికి లేదు. కాబట్టి ఎంత బాగా ఎండబెడితే గింజ అంత మొండికేస్తుంది.

ఇప్పుడు నా తప్పు అర్థమైంది కదా? నిల్వకు ఎంత జాగ్రత్త పడ్డానో మొలకకు అంత అడ్డం వేశాను. మా అమ్మ దడి మీది తీగ నుంచి కాయ గోధుమరంగుకు తిరగ్గానే, ఇంకా పెళుసుబారకముందే తెంపి, ఆ వారంలోనే గింజలు గుచ్చేది. ఆమెవి ఎప్పుడూ మొలిచేవి. నేను దాన్ని చెయ్యి మంచితనం అనుకునేవాణ్ణి. నిజానికి ఆ గింజ ఇంకా తలుపు వేసుకోలేదు, అంతే.

మరి చలి ఏం చేస్తుంది?

హైదరాబాదులో చలేంటి అని నవ్వకండి. మనకది హాయి, శంఖుపుష్పానికి కాదు. డిసెంబరు, జనవరి రాత్రుళ్లు ఇక్కడ 14, 15 డిగ్రీలు మామూలు. శివార్లలో పటాన్‌చెరు వైపు ఇంకా తగ్గుతుంది. నగరంలో 1946 జనవరి 8న 6.1 డిగ్రీలు కూడా నమోదైంది. ఈ గింజ వారం పది రోజుల్లో మొలవాలంటే మట్టి 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి. 15 దగ్గరికి దిగితే దాదాపు ఆగిపోతుంది.

ఇక్కడ గాలి వేడి కాదు, మట్టి వేడి చూడాలి. నేను ఒక మామూలు థర్మామీటర్ కొని పొద్దున ఏడు గంటలకు కుండీల్లో రెండు అంగుళాల లోతున గుచ్చి చూశాను. మా మిద్దె మీద మట్టికుండీలో అన్నిటికంటే తక్కువ చూపించింది. ప్లాస్టిక్ కుండీలో రెండు డిగ్రీలు ఎక్కువ. ఆలోచిస్తే సంగతి తెలిసిందే. ఎండాకాలంలో మంచినీళ్ల కుండ ఎందుకు చల్లబడుతుంది? గోడల్లోంచి నీరు ఆవిరై వేడిని లాక్కుపోతుంది. తడిసిన మట్టికుండీ చలికాలంలోనూ అదే పని చేస్తుంది. మనం మాత్రం మొలవలేదని ఇంకో చెంబు నీళ్లు పోస్తాం. ఇంకా చల్లబడుతుంది.

ఇంకో విషయం. వేడి ప్రాంతాల గింజలు, అంటే సోయా, పత్తి, చిక్కుడు లాంటివి, మొదటిసారి నీళ్లు పీల్చుకునేటప్పుడు ఆ నీళ్లు బాగా చల్లగా ఉంటే లోపలి కణాల పొరలు దెబ్బతింటాయి. గింజలోని చక్కెరలు, పోషకాలు బయటికి కారిపోతాయి. ఆ తీపికి మట్టిలోని కుళ్లు బూజులు చేరతాయి. నాలుగో రోజు తవ్వి చూస్తే గింజ పిండిలా నలిగిపోయేది ఇందుకే. పాలేకర్ గారి శిబిరాలకు వెళ్లినవాళ్లకు వాపస అనే మాట కొత్త కాదు. మట్టి సందుల్లో గాలి, తేమ రెండూ కలిసి ఉండే స్థితి. చల్లటి ముద్దమట్టిలో వాపస ఉండదు. వేసవిలో పొద్దునకల్లా ఆరిపోయే నీళ్లు జనవరిలో మూడు రోజులు నిలబడతాయి.

నేను వేసి చూసిన నాలుగు రకాలు

అదే డబ్బాలో మిగిలిన గింజలు తీసి ఇరవై చొప్పున నాలుగు భాగాలు చేశాను. జనవరి రెండో వారంలో వేశాను. ఇది పెద్ద పరిశోధన కాదు, మా మిద్దె మీద నేను ఒక్కసారి చూసింది, అలాగే తీసుకోండి.

మొదటిది ఏమీ చేయకుండా బయట కుండీలో వేశాను. మూడు వారాలకు ఇరవైలో ఒకటి మొలిచింది. రెండోది ఒక రాత్రి మామూలు నీళ్లలో నానబెట్టి బయటే వేశాను, మూడు మొలిచాయి. నానబెట్టినప్పుడే చూశాను, చాలా గింజలు ఉబ్బలేదు, వేసినవి వేసినట్టే ఉన్నాయి. మూడోది అంచు కత్తిరించి, నానబెట్టి, బయట వేశాను. గింజలన్నీ చక్కగా ఉబ్బాయి, నాకు ఆశ పుట్టింది. కానీ మొలిచినవి ఆరే, మిగతావి కుళ్లిపోయాయి. నాలుగోది కత్తిరించి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, ఇంట్లో థర్మాకోల్ డబ్బాలో పెట్టాను. పదో రోజుకు పదిహేడు.

మూడో కుండీ చూడండి. గింజ తలుపు నేనే తెరిచాను, తెరిచి చలిలో వదిలేశాను. మొదటి కుండీలో మొలవని పంతొమ్మిది ఇంకా బతికే ఉన్నాయి, గట్టిగా, క్షేమంగా. మూడో కుండీలో పద్నాలుగు చచ్చిపోయాయి. అందుకే అంటున్నా, వెచ్చదనం ఏర్పాటు చేయలేనివాళ్లు చలికాలంలో కట్టర్ ముట్టుకోవద్దు.

ఎలా చేయాలి

ముందు ఎంత మొత్తం గింజలున్నాయో అన్నిటినీ పెద్ద గిన్నెలో నీళ్లలో వేసి కలపండి. తేలేవి పక్కన పడేయండి. మునిగినవాటిని తుడిచి ఆరనివ్వండి. తడిగా ఉంటే చేతిలో జారిపోతాయి.

బొడ్డు మచ్చ ఏ వైపు ఉందో చూసుకుని, దానికి ఎదురు వైపు అంచు మాత్రమే నొక్కాలి. మొలక బొడ్డు పక్క నుంచే వస్తుంది, అటు కత్తిరిస్తే వేరు మొన తెగిపోతుంది. నల్లటి తోలు పోయి లోపల మీగడ రంగు పప్పు ఆవగింజలో సగమంత కనిపిస్తే చాలు, లోతు వద్దు. కట్టర్ చేతకాకపోతే గరుకు కాగితం మీద అదే అంచును నాలుగైదు సార్లు రుద్దండి. ఎక్కువ గింజలుంటే మూత ఉన్న గాజు సీసా లోపల గరుకు కాగితం చుట్టి, గింజలు వేసి ఐదు నిమిషాలు గట్టిగా ఆడించండి. ఊళ్లో అయితే గరుకు బండ మీద ఇసుకతో కలిపి అరచేత్తో రుద్దినా అదే పని. మరిగే నీళ్లు పోసే పద్ధతి సుబాబుల్ లాంటి గింజలకు వాడతారు. అంచు కత్తిరించిన గింజకు మాత్రం పోయకండి, ఉడికిపోతుంది.

తర్వాత గోరువెచ్చని నీళ్లలో ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. రాత్రి పడుకునే ముందు వేసి, గిన్నెను తువ్వాలుతో చుట్టి వంటింట్లో పెడితే సరి. పొద్దున చూస్తే రెట్టింపు లావై ఉంటాయి. ఉబ్బనివి ఉంటే మళ్లీ అంచు నొక్కి ఇంకో పూట ఉంచండి. ఒక రోజు దాటి నీళ్లలో వదిలేస్తే గాలి అందక పాడవుతాయి.

బీజామృతం సంగతి. ఇది చదివి కొందరికి కోపం రావచ్చు. నేను బీజామృతం వాడతాను, నమ్ముతాను. కానీ అది చేసే పని గింజ పైన ఉండే రోగాల మీద. తోలును అది కరిగించదు. గట్టి గింజను బీజామృతంలో ఎంతసేపు ముంచినా గట్టి గింజే. ఇంకోటి, అంచు తెరిచిన గింజను చిక్కటి బీజామృతంలో నానబెడితే మూత్రం, సున్నం నేరుగా పప్పుకు తగులుతాయి. నేను అలా చేసినప్పుడు మొలకల కొసలు గోధుమరంగుకు తిరిగాయి. ఇప్పుడు నీళ్లలోనే నానబెట్టి, విత్తే ముందు పలుచటి బీజామృతం పైపైన పట్టించి, పది నిమిషాలు నీడన ఆరబెట్టి వేస్తున్నా. బాగుంది. శంఖుపుష్పం అలసంద లాగే వేరుబుడిపెలు కట్టే మొక్క. అలసంద పండిన చేను మట్టి గుప్పెడు కలిపితే రైజోబియం కూడా అందుతుంది, డబ్బు ఖర్చు లేదు.

విత్తడానికి కాగితం కప్పులు మంచివి. దీనిది తల్లివేరు, తర్వాత పీకి నాటితే అలుగుతుంది. కప్పుతో సహా నాటేయొచ్చు. కొబ్బరిపీచు పొడి, వర్మీకంపోస్టు, ఇసుక కలిపి నింపండి. పచ్చి పేడ, సగం మాగిన ఎరువు ఈ దశలో వద్దు. అర అంగుళం లోతు చాలు.

వెచ్చదనానికి రూటర్లు అందరికీ కుదరవు. నేను చేపలు అమ్మేవాళ్ల దగ్గర పాత థర్మాకోల్ డబ్బా తెచ్చుకుని, రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాల్లో వేడినీళ్లు నింపి, గుడ్డ చుట్టి, కప్పుల మధ్య పెడతాను. పొద్దునోసారి, రాత్రోసారి మార్చడం. మూత కొద్దిగా తెరిచి ఉంచాలి, లేకపోతే బూజు. మొలక తల ఎత్తిన రోజే డబ్బాలోంచి తీసి ఎండ తగిలే కిటికీలో పెట్టాలి. ఇంకా లోపలే ఉంచితే తెల్లగా దారంలా సాగుతుంది.

నీళ్లు పొద్దున పది తర్వాత, చలి విరిగాకే. సాయంత్రం పోయొద్దు. మన వాళ్లకు అలవాటైన ఆచ్ఛాదన కూడా మొలక వచ్చేదాకా వేయకండి. వేసవిలో మనల్ని కాపాడే ఆ గడ్డి చలికాలంలో మట్టికి ఎండ తగలనివ్వదు. మొలక జానెడు పెరిగాక వేసుకుందురు. జీవామృతం కూడా అప్పుడే, బాగా పలుచగా. చలికి జీవామృతం మాగడం కూడా నెమ్మదిస్తుంది. రెండు రోజులని లెక్కపెట్టుకోకుండా వాసన చూసి వాడండి. నారు కుళ్లు కనిపిస్తే పుల్లటి మజ్జిగ పలుచగా చల్లుతున్నా, కానీ అసలు మందు నీళ్లు తగ్గించడమే.

డిసెంబరులో ఇంత కష్టపడి మొలిపించినా ఫిబ్రవరి దాకా మొక్క కదలదు. ఆకులు కొంచెం పసుపుగా ఉంటాయి. ఎరువు చాలలేదని కంగారుపడి పోయకండి. చలి తగ్గగానే దానంతటదే తీగ సాగుతుంది, ఏప్రిల్‌కు పూలిస్తుంది. ఫిబ్రవరి చివర వేసినది కూడా దాదాపు అదే సమయానికి పూస్తుంది! ఇది తెలిశాక నేను సంక్రాంతికి గింజలు అమ్మడం మానేశాను. మహాశివరాత్రి తర్వాతే ఇస్తాను. శివుడికి నీలిపూలు కావాలని ముందే అడిగేవాళ్లకు మొక్కే ఇస్తా.

న్యూజెర్సీలో అక్క, చింతపల్లి వైపు అన్న

మా పెద్దమ్మ కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. ఆమెకు చలి అంటే మనలాగా కాదు, మంచు. అక్కడ మే నెల దాకా రాత్రి మంచు భయం, మళ్లీ అక్టోబరులో మొదలు. మధ్యలో ఉన్న ఐదు నెలల్లోనే తీగ, పువ్వు, కాయ అన్నీ అయిపోవాలి. ఆమె మూడేళ్లు మే చివర నేరుగా పెరట్లో వేసింది. ఆగస్టుకు తీగ పాకేది, సెప్టెంబరులో నాలుగు పూలు చూసేలోపు చలి వచ్చేది. పోయిన ఏడాది మార్చి మూడో వారంలో ఇంట్లో మొదలుపెట్టమన్నాను. హీటర్ ఉన్న ఇల్లే కదా అనుకుంది, కానీ కిటికీ గట్టు మీద కప్పుల్లో మట్టి చల్లగానే ఉంది. అక్కడ నారు పెంచేవాళ్లు కింద పరిచే హీట్ మ్యాట్ దొరుకుతుంది, అది కొనుక్కుని కప్పులు దాని మీద పెట్టింది. కట్టర్, గోరువెచ్చని నీళ్లు, మ్యాట్. పన్నెండింటిలో పది మొలిచాయి. రాత్రి చలి పూర్తిగా విరిగాక, మే చివర, వారం రోజులు కొద్దికొద్దిగా బయట అలవాటు చేసి నాటింది. జూలైలో వీడియో కాల్‌లో కంచె మీద పూలు చూపించింది. అక్టోబరుకు ముందు రెండు మొక్కలను పెద్ద కుండీల్లో ఉంచి, తీగ కత్తిరించి, లోపలికి తీసుకెళ్లింది. ఇది బహువార్షిక మొక్క, మంచు తగలకుండా చూస్తే మళ్లీ చిగురిస్తుంది.

ఒక మాట, ఇక్కడి నుంచి ఆవకాయతో పాటు గింజలు సూట్‌కేసులో పెట్టి పంపకండి. అమెరికాలోకి విత్తనం తీసుకెళ్లాలంటే కాగితాలు కావాలి, విమానాశ్రయంలో తీసి పడేస్తారు, జరిమానా కూడా పడొచ్చు. అక్కడే బటర్‌ఫ్లై పీ అని అడిగితే దొరుకుతాయి.

ఇక మన ఏజెన్సీ. లంబసింగి పక్కన చింతపల్లి మండలం నుంచి ఒక రైతన్న ఫోన్ చేశాడు, కాఫీ తోట గట్ల మీద శంఖుపుష్పం వేయాలని. డిసెంబరులో ఆ వైపు పాదరసం సున్నా దగ్గరికి దిగిన రోజులున్నాయి. అక్కడ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా గింజ ముట్టుకోవద్దన్నాను. ఏపీలో ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు రుతుపవనానికి ముందే పొడిమట్టిలో నవధాన్యాలు చల్లే పద్ధతి పాటిస్తున్నారు కదా, అందులోనే ఇదీ కలపొచ్చు. అప్పుడు గింజలన్నీ రుద్దకూడదు. సగం రుద్ది, సగం అలాగే వదిలేసి కలిపి చల్లాలి. రుద్దినవి మొదటి వానకు మొలుస్తాయి. ఆ తర్వాత వాన మొహం చాటేసి అవి ఎండిపోయినా, రుద్దనివి మట్టిలో కాచుకుని ఉంటాయి. కిలోకు ఇరవై వేల పైనే గింజలు వస్తాయి, కాబట్టి గట్ల కోసం ఎక్కువేం అక్కర్లేదు.

ఇంత ఆరాటం ఒక పూలతీగకు ఎందుకని అడిగేవాళ్లకు: నత్రజని పట్టే మొక్క, పశువులు ఇష్టంగా తినే మేత, కంచె మీద పాకితే నేల కూడా అడగదు. అమెరికాలో ఎఫ్‌డీఏ 2021లో ఈ పూల నీలిరంగును ఆహారపు రంగుగా అనుమతించింది. ఆస్ట్రేలియాలో ఈ మొక్క సారంతో పత్తి పురుగుల మందే వచ్చింది. పూలు మాత్రం పొద్దున్నే కోయాలి, ఎండితే బరువు పదో వంతుకు పడిపోతుంది, ఆ లెక్క వేసుకునే దిగండి. గింజలు, వేర్లు తింటే విరేచనాలవుతాయి. పిల్లలున్న ఇంట్లో నానబెట్టిన గిన్నె అందేలా పెట్టొద్దు.

ఇప్పుడు నా ప్యాకెట్ వెనక ఒక గోళ్ల కట్టర్ బొమ్మ, కింద "మట్టి చల్లగా ఉంటే విత్తవద్దు" అని ఉంటుంది. గింజలు కూడా రెండు రకాలుగా దాస్తున్నా. వచ్చే ఏడాదికి దాచేవి బాగా ఎండబెట్టి, ఈ సీజన్‌లో ఇచ్చేవి కాయ రంగు తిరగ్గానే తెంపి.

ఆ అపార్ట్‌మెంట్ గ్రూపులో డూప్లికేట్ అని రాసిన మేడమ్ గురించి చెప్పలేదు కదా. జనవరిలో మొలవలేదని ఆమె ఆ కుండీలో పుదీనా గుచ్చుకున్నారట. జూలైలో నాలుగు రోజులు ముసురు పట్టింది. ఆ తర్వాత ఒక ఫొటో పంపారు. పుదీనా మధ్యలోంచి ఐదు తీగలు గ్రిల్ పట్టుకుని పాకుతున్నాయి. కింద ఒకటే లైను: "ఇవి మీవేనా?"

నావే అని చెప్పాను. కర్రలు కట్టమన్నాను.